సౌతాల్‌ని నిలబెట్టింది ఎవరు?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సౌతాల్‌కి ఒక్కసారైనా వెళ్ళనివాళ్ళు ఉంటారని నేననుకోను. మునక్కాయలకో, కరివేపాకుకో, పెళ్ళి చీరకో, ఇంటికి డబ్బు పంపడానికో, ఏదో ఒక పని మీద లండన్‌లో ఉన్న తెలుగువాళ్ళం అందరం అక్కడికి వెళ్తాం. సంచులు నింపుకుంటాం, వేడి వేడి జిలేబీ తింటాం, పార్కింగ్ దొరకలేదని విసుక్కుంటాం, ఇంటికొచ్చాక "అచ్చం ఇండియాలానే ఉంది" అంటాం. నాకు అభ్యంతరం ఆ మాట దగ్గరే. సౌతాల్ ఇండియాలోంచి ఊడిపడ్డ ముక్క కాదు. అది ఇంగ్లండులోని ఒక ఫ్యాక్టరీ పేట. అక్కడి యజమానులతో, బడులతో, స్థానిక కౌన్సిల్‌తో, పోలీసులతో, ఒక్కోసారి తమ వాళ్ళతోనే కొన్ని దశాబ్దాలు పెనుగులాడి ఈ రూపానికి వచ్చింది. ఎవరో వచ్చి కొట్లు పెట్టుకున్నారు, మనం వెళ్ళి కొనుక్కుంటున్నాం, అంత తేలిగ్గా జరిగిన వ్యవహారం కాదు. ఇవాళ దాని గురించే చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఊరు ఎక్కడుందో చూద్దాం. లండన్ నడిబొడ్డు చారింగ్ క్రాస్ నుంచి పడమరగా సుమారు 11 మైళ్ళు, హీత్రో విమానాశ్రయానికి కూతవేటు దూరం. 1965 దాకా ఇది లండనే కాదు, మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక పట్టణం, ఆ ఏడాది ఈలింగ్ బరోలో కలిపారు. 1698 నుంచి అక్కడ సంత జరిగేది, పశువులూ గుర్రాలూ అమ్మేవాళ్ళు. ఊరి నడుమ 'ద గ్రీన్' అనే వీధిలో 1587 నాటి చెక్క దూలాల మేనర్ హౌస్, అంటే పాత జమీందారీ బంగళా, ఇప్పటికీ నిలబడి ఉంది, చీరల సంచులతో పక్కనుంచే నడిచిపోతాం గానీ తలెత్తి చూడం.

పల్లెటూరు పట్నం అయింది కాలువ వల్ల, రైలు వల్ల. 1790లలో గ్రాండ్ జంక్షన్ కాలువ వచ్చింది, 1839లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే స్టేషన్ వచ్చింది. ఇంజినీరింగ్ చదివినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. సౌతాల్ తూర్పు కొసన విండ్‌మిల్ లేన్ దగ్గర 'త్రీ బ్రిడ్జెస్' అని ఉంది. కింద రైలు పట్టాలు, దాని పైన ఇనుప తొట్టిలో పారే కాలువ, ఆ పైన మోటారు రోడ్డు, మూడూ ఒకే చోట ఒకదాని మీద ఒకటి దాటుకుంటాయి. 1859లో పూర్తయింది, పేరుమోసిన ఇంగ్లీషు ఇంజినీరు బ్రూనెల్ చేసిన చివరి పనుల్లో ఒకటి. మన జనం మాత్రం కొట్లన్నీ ఉండే పెద్ద వీధి బ్రాడ్‌వే దాటి అంత దూరం పోరు.

కాలువా రైలూ ఉన్నచోటికి ఫ్యాక్టరీలు వస్తాయి. ఇటుక బట్టీలు వచ్చాయి, గ్యాస్ వర్క్స్ వచ్చింది, 1890లలో ఒక డేనిష్ వ్యాపారి, వెన్నకి బదులు వాడే మార్జరిన్ తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ పెట్టాడు, 1920లలో ఏఈసీ అనే కంపెనీ వచ్చి లండన్ బస్సులు తయారుచేసింది. ఆ ఎర్ర రూట్‌మాస్టర్ బస్సు సౌతాల్ ఫ్యాక్టరీ సరుకే, సావనీర్ షాపుల్లో బొమ్మగా కొని మనం ఊళ్ళో పిల్లలకి తీసుకెళ్తామే, అదే. 1930లలో బొగ్గు గనులు మూతపడి వేల్స్ నుంచి వేలమంది పని వెతుక్కుంటూ పశ్చిమ లండన్‌కి వచ్చారు, సౌతాల్‌లోనూ దిగారు. తర్వాత ఐరిష్ వాళ్ళు వచ్చారు. అంటే పంజాబీలు రాకముందే అది వలస కూలీల ఊరు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి షిఫ్టుల్లో పనిచేసి, వరస ఇళ్ళలో అద్దెకుండి, ఆదివారం తమ తమ చర్చికి వెళ్ళే ఊరు.

ఇక మన వైపు కథ. 1948 బ్రిటిష్ నేషనాలిటీ చట్టం ప్రకారం కామన్‌వెల్త్ దేశాల వాళ్ళు బ్రిటన్‌కి రావచ్చు, ఉండచ్చు, పని చేసుకోవచ్చు. వీసా అక్కర్లేదు. స్పాన్సర్‌షిప్ లెటర్ కోసం నెలల తరబడి టెన్షన్ పడే మనకి ఇది నమ్మశక్యం కాదు, కానీ 1962 దాకా పరిస్థితి అదే. 1947 విభజనలో పంజాబ్ రెండు ముక్కలైంది, పొలాలు పోయాయి, ఊళ్ళు పోయాయి. జలంధర్, హోషియార్‌పూర్ జిల్లాల్లో భూమి తక్కువ, కొడుకులు ఎక్కువ. అక్కడి మగవాళ్ళు బయల్దేరారు. సౌతాల్‌కే ఎందుకు వచ్చారంటే, సౌతాల్, హేయ్స్ సరిహద్దులో వుల్ఫ్ అనే రబ్బరు ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ మనుషుల్ని పనిలోకి తీసుకునే అధికారి యుద్ధంలో సిక్కు సైనికులతో కలిసి పనిచేసినవాడని, ఆ నమ్మకంతో వాళ్ళని చేర్చుకున్నాడని చెబుతారు. అంతకన్నా గట్టి కారణం ఇంకోటుంది. ఆ పని చేయడానికి ఇంగ్లీషువాళ్ళు రావట్లేదు.

ఆ పని ఎలాంటిదో కాస్త ఊహించండి. రబ్బరు కాచే వేడి, గాల్లో నల్లటి కార్బన్ పొడి, షిఫ్టు అయ్యాక ఎంత రుద్దుకున్నా గోళ్ళ సందుల్లో, చెవుల వెనకాల మసి పోయేది కాదు. వారానికి అరవై గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పంజాబ్‌లో పొలం ఉన్న కుటుంబంలోంచి వచ్చినవాడు, కొందరైతే బీఏ చదివి ఊళ్ళో మాస్టారుగా పనిచేసినవాళ్ళు, ఇక్కడికొచ్చి ఆ మసిలో నిలబడ్డారు. ఉద్యోగం కోసం, ఓవర్‌టైమ్ కోసం పైవాడి చేతిలో పౌండ్లు పెట్టాల్సి వచ్చేది. లంచం మన దగ్గరే ఉంటుందనుకునేవాళ్ళు ఈ ఫ్యాక్టరీల చరిత్ర చదవాలి.

ఉండడానికి ఇల్లు? 'నల్లవాళ్ళకి ఇవ్వబడదు' అని కిటికీలో బోర్డు పెట్టుకోవడం అప్పట్లో నేరం కాదు. అందుకని పదిమంది డబ్బులు పోగేసి ఒక ఇల్లు కొనేవాళ్ళు, అందులో పాతికమంది ఉండేవాళ్ళు. పగటి షిఫ్టువాడు మంచం మీంచి లేచి వెళ్ళగానే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే మంచం మీద, అదే దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. ఒకడే వంట చేసేవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు అందరి ఉత్తరాలూ ఫారాలూ రాసిపెట్టేవాడు. అప్పుడు చుట్టుపక్కల ఇంగ్లీషువాళ్ళు "చూడండి, పశువుల్లా ఒకే కొంపలో ఎంతమంది ఉంటున్నారో" అన్నారు. అద్దెకివ్వనిది వాళ్ళే, ఇరుక్కుని ఉన్నారని తిట్టిందీ వాళ్ళే. 1960లలో సౌతాల్‌లో తెల్లవాళ్ళ రెసిడెంట్స్ అసోసియేషన్ ఒకటి, ఖాళీ అయిన ఇళ్ళని కౌన్సిలే కొని తెల్లవాళ్ళకే అమ్మాలని ఒత్తిడి తెచ్చింది. 1964 ఎన్నికల్లో వలసలకి వ్యతిరేకమైన అప్పటి బ్రిటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థికి ఇక్కడ నూటికి తొమ్మిది ఓట్లు పడ్డాయి. అలాంటి వాతావరణం.

ఈ మనుషులే 1950ల రెండో సగంలో ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ సౌతాల్ శాఖ పెట్టుకున్నారు. పేరు కార్మిక సంఘంలా ఉన్నా, అది పెళ్ళి సంబంధాల నుంచి పాస్‌పోర్టు గొడవల దాకా అన్నీ చూసేది. పాత డొమినియన్ సినిమా హాలుని కొని హిందీ సినిమాలు ఆడించింది. వారమంతా మసిలో ఉన్నవాళ్ళు శనాదివారాలు కోటూ టై వేసుకుని అక్కడికి వచ్చేవాళ్ళు. అదే హాల్లో మీటింగులు, అదే హాల్లో నాయకుల ఉపన్యాసాలు.

1965 చివర్లో వుల్ఫ్ ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. వారాల తరబడి సాగింది. సభ్యత్వం కట్టించుకున్న పెద్ద యూనియన్ సమ్మె భత్యం ఇవ్వలేదు. మరి ఎలా నిలబడ్డారు? ఇంటి ఓనర్లు, వాళ్ళూ పంజాబీలే, అద్దె తర్వాత ఇవ్వమన్నారు. కిరాణా కొట్లవాళ్ళు పిండీ పప్పూ అరువిచ్చారు. వేరే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు జీతంలోంచి చందా ఇచ్చారు. సమ్మె గెలవలేదు, కొద్ది కాలానికే ఫ్యాక్టరీ కూడా మూతపడింది. కానీ సౌతాల్ అనే ఊరు తయారైంది ఆ సమ్మెలోనే అని నేనంటాను. పక్కపక్కన ఉన్న కొట్లూ, ఇళ్ళూ ఒకరి మీద ఒకరు ఆధారపడి బతకగలవని వాళ్ళకి అప్పుడే తెలిసొచ్చింది.

1962లో కామన్‌వెల్త్ ఇమిగ్రంట్స్ చట్టం వచ్చింది, జులై నుంచి పని అనుమతి వోచర్ ఉంటేనే రావాలన్నారు. ఇక్కడ ఒక విచిత్రం జరిగింది, గమనించండి. అప్పటిదాకా మగవాళ్ళు వస్తూ పోతూ ఉండేవాళ్ళు, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని తిరిగి ఊరెళ్ళిపోవాలన్నదే అందరి ఆలోచన. గేటు మూస్తామనగానే ఉన్నవాళ్ళు భార్యాపిల్లల్ని రప్పించుకున్నారు, ఈసారి పోతే మళ్ళీ రానిస్తారో లేదో అని. వలసని ఆపడానికి తెచ్చిన చట్టం తాత్కాలికంగా వచ్చినవాళ్ళని శాశ్వతంగా నిలబెట్టింది. ఆడవాళ్ళు వచ్చాకే వంటిళ్ళు వచ్చాయి, బడులు వచ్చాయి, చీరల కొట్లూ సల్వార్ల కొట్లూ వచ్చాయి. తర్వాత 1967, 68లలో కెన్యా నుంచి, 1972లో అక్కడి నియంత ఈదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి తరిమేస్తే ఉగాండా నుంచి ఇంకో తరం దిగింది. ఉగాండా వాళ్ళే బ్రిటన్ మొత్తానికి సుమారు 28,000 మంది వచ్చారు. వీళ్ళకి వ్యాపారం తెలుసు, ఇంగ్లీషు తెలుసు, లెక్కలు తెలుసు. ఇవాళ మనం చూసే బ్రాడ్‌వే మీద వీళ్ళ చెయ్యి చాలా ఉంది.

ఇప్పుడు పిల్లల సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టే భాగం ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. 1963 అక్టోబరులో విద్యాశాఖ మంత్రి ఎడ్వర్డ్ బాయిల్ సౌతాల్‌లోని బీకన్స్‌ఫీల్డ్ రోడ్డు బడికి వచ్చారు. తెల్ల తల్లిదండ్రులు మా పిల్లల చదువు పాడవుతోంది, వేరే ఏర్పాటు చేయమన్నారు. జాతిని బట్టి వేరు బళ్ళు కుదరవని ఆయన అన్నారు గానీ, ఏ బడిలోనూ వలస పిల్లలు మూడో వంతుకి మించకూడదన్న సూత్రం మాత్రం బయటికి వచ్చింది. తర్వాత ప్రభుత్వం మారింది, సూత్రం మారలేదు, 1965లో సర్క్యులర్ ఇచ్చారు. దాంతో సౌతాల్ పిల్లల్ని బస్సులెక్కించి మైళ్ళ దూరంలో ఉన్న బళ్ళకి పంపడం మొదలుపెట్టారు. ఒక దశలో ఈ పిల్లల సంఖ్య రెండు వేలు దాటింది.

జనవరి పొద్దున, ఇంకా చీకటి, చలి, ఆరేళ్ళ పిల్ల తలకి నూనె రాసి రెండు జడలు వేయించుకుని రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంటుంది. పక్కింటి తెల్లపిల్ల మాత్రం రెండు వీధులవతల ఉన్న బడికి నడిచి వెళ్తుంది. బస్సు ఆలస్యమైతే మొదటి పాఠం అయిపోతుంది. సాయంత్రం బస్సు వెళ్ళిపోతుంది కాబట్టి ఆటలకి ఉండడానికి లేదు, నాటకంలో వేషం వేయడానికి లేదు. మధ్యాహ్నం జ్వరం వస్తే తీసుకెళ్ళడానికి తల్లికి దారి తెలియదు. ఆ బడి ఉన్న వీధిలో "మీ ఊరికి పొండి" అని రాళ్ళు వేసేవాళ్ళున్నారు. బస్సు ఎప్పుడూ ఒకవైపే నడిచింది. తెల్లపిల్లల్ని ఎక్కించుకుని సౌతాల్ వైపు ఒక్క బస్సూ రాలేదు. భాష రాని పిల్లలకి సాయం అని పైకి చెప్పారు, కానీ ఇంగ్లీషు చక్కగా వచ్చిన పిల్లల్ని కూడా ఒంటి రంగు చూసే పంపారు. జాతి వివక్ష ఫిర్యాదులు చూసే రేస్ రిలేషన్స్ బోర్డు జోక్యం చేసుకున్నాక కూడా ఇది పూర్తిగా ఆగేసరికి 1980లు వచ్చాయి. ఆ బస్సులెక్కిన పిల్లలు పెద్దయ్యారు. ఆ తర్వాత సౌతాల్ వీధుల్లో జరిగిన వాటికి నన్నడిగితే సగం కారణం ఆ బస్సులే.

1976 జూన్ 4. గుర్‌దీప్ సింగ్ చగ్గర్, 18 ఏళ్ళ విద్యార్థి, డొమినియన్ హాలు దగ్గరే తెల్ల కుర్రాళ్ళ గుంపు అతన్ని పొడిచి చంపింది. రోడ్డు మీద రక్తం ఇంకా ఆరలేదు. పెద్దలు మీటింగు పెట్టారు, తీర్మానాలు చేద్దాం, మంత్రికి లేఖ రాద్దాం అన్నారు. కుర్రాళ్ళు మీటింగులోంచి లేచి పోలీస్ స్టేషన్ ముందు కూర్చున్నారు. వాళ్ళే సౌతాల్ యూత్ మూవ్‌మెంట్ పెట్టుకున్నారు. తండ్రుల తరం "మనం పరాయి దేశంలో ఉన్నాం, తల వంచుకుని పోదాం" అంది, కొడుకుల తరం "మేం పుట్టిందే ఇక్కడ" అంది. రెండు తరాల మధ్య ఆ వేడి ఇళ్ళలో కూడా ఉండేది.

ఆ ఏడాదే ఇంకోటి జరిగింది, తలపాగా కట్టుకున్న సిక్కులు మోటారు సైకిల్ మీద హెల్మెట్ పెట్టుకోనక్కర్లేదని పార్లమెంటు చట్టం చేసింది. బిల్లు తెచ్చింది సౌతాల్ ఎంపీ సిడ్నీ బిడ్‌వెల్, ఆయన ఇంగ్లీషాయనే. ఓట్లు ఎవరివో ఆయనకి తెలుసు, నిజమే, అయినా పని జరిగింది.

1979 ఏప్రిల్ 23. మే 3న సార్వత్రిక ఎన్నికలు. వలసవాళ్ళని వెళ్ళగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ సౌతాల్ టౌన్ హాల్లో ఎన్నికల సభ పెట్టుకుంటామంది, కౌన్సిల్ సరేనంది. వేరే చోటే లేదా వాళ్ళకి? సౌతాల్‌లోనే పెట్టడంలో ఉద్దేశం ఏంటో చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ముందురోజు వేలమంది ఊరేగింపుగా వెళ్ళి అనుమతి రద్దు చేయమని అర్జీ ఇచ్చారు, పని కాలేదు. 23న మధ్యాహ్నం కొట్లు షట్టర్లు దించాయి, ఫ్యాక్టరీల్లో పని ఆగింది, రోడ్డు మీద ప్రశాంతంగా కూర్చుందాం అనుకున్నారు. రెండున్నర వేలకి పైగా పోలీసులు దిగారు, గుర్రాలతో సహా. ఊళ్ళోవాళ్ళని వాళ్ళ ఊరి నడిబొడ్డుకే పోనివ్వలేదు, ఫ్రంట్ వాళ్ళని మాత్రం కాపలా కాసి సభలోకి పంపారు. సాయంత్రానికి లాఠీలు లేచాయి. బ్లెయిర్ పీచ్ అని న్యూజిలాండ్ నుంచి వచ్చిన 33 ఏళ్ళ టీచరు, తూర్పు లండన్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి పాఠాలు చెప్పేవాడు, బీచ్‌క్రాఫ్ట్ అవెన్యూలో తల మీద దెబ్బ తగిలి పడిపోయాడు. ఒక పంజాబీ కుటుంబం ఇంట్లోకి తీసుకుని కూర్చోబెట్టింది, మంచినీళ్ళు ఇచ్చింది, అతను గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు. ఆ రాత్రి ఆసుపత్రిలో చనిపోయాడు.

అదే రోజు పార్క్ వ్యూ రోడ్డులో 'పీపుల్ యునైట్' అనే ఇంట్లోకి పోలీసులు చొరబడ్డారు. అది కరీబియన్, ఆసియా కుర్రాళ్ళు కలిసి నడుపుకున్న సంగీత కేంద్రం. సౌతాల్‌లో పుట్టిన రెగ్గే బృందం మిస్టీ ఇన్ రూట్స్ అక్కడిదే. వాళ్ళ మేనేజర్ క్లారెన్స్ బేకర్ తల పగిలి నెలల తరబడి కోమాలో ఉన్నాడు. 340 మందికి పైగా మీద కేసులు పెట్టారు, విచారణలు లండన్ ఆ కొసన బార్నెట్‌లో. కూలి పోగొట్టుకుని అంత దూరం తిరిగారు. బ్లెయిర్ పీచ్ శవాన్ని డొమినియన్ హాల్లో ఉంచితే వేలమంది వరసలో నిలబడి చూశారు. ముక్కూమొహం తెలియని తెల్ల మాస్టారు కోసం పంజాబీ ముసలమ్మలు కంటతడి పెట్టుకున్నారు. కొట్టింది పోలీసే అయ్యుంటాడని లోపలి విచారణలో అప్పుడే తేలింది, స్పెషల్ పెట్రోల్ గ్రూప్ అనే పోలీసుల ప్రత్యేక దళం లాకర్లలో అనుమతి లేని ఆయుధాలు దొరికాయి, కానీ ఆ నివేదిక బయటికి రావడానికి 2010 దాకా పట్టింది. ఒక్కరి మీదా హత్య కేసు నడవలేదు. ఇవాళ సౌతాల్‌లో ఒక ప్రైమరీ స్కూలుకి ఆయన పేరుంది.

1981 జులై 3న బస్సుల్లో వచ్చిన స్కిన్‌హెడ్లు, అంటే గుండు చేయించుకుని తిరిగే తెల్ల కుర్రాళ్ళు, బ్రాడ్‌వేలో కొట్లని పగలగొట్టుకుంటూ హ్యాంబ్రో టావెర్న్ అనే పబ్‌లో కచేరీకి చేరారు. ఈసారి ఊరి కుర్రాళ్ళు ఊరుకోలేదు. ఆ రాత్రి పబ్ తగలబడిపోయింది. తగలబెట్టడం మంచిదని నేననను. కానీ ఆ తర్వాత బస్సులు కట్టుకుని సౌతాల్ మీదికి రావడానికి వాళ్ళు జంకారు, అదీ వాస్తవమే.

ఇదంతా వింటే ఊరంతా ఒక్కమాట మీద ఉందనిపిస్తుంది. లేదు. 1979లోనే ఆసియా, ఆఫ్రో-కరీబియన్ ఆడవాళ్ళు కలిసి సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంఘం పెట్టారు. బయట పోలీసులు కొడుతున్నారని ఊరేగింపులు చేసే మగవాళ్ళే ఇంటికొచ్చి భార్యని కొడుతుంటే ఎవరికి చెప్పుకోవాలి అని వాళ్ళు అడిగారు. "ఇంటి గుట్టు రోడ్డున పెడుతున్నారు, తెల్లవాళ్ళ ముందు మన పరువు తీస్తున్నారు" అని పెద్దమనుషులు విరుచుకుపడ్డారు. వాళ్ళు వెనక్కి తగ్గలేదు. పదేళ్ళు భర్త చేతిలో చిత్రహింసలు పడి చివరికి అతన్ని చంపిన కిరణ్‌జిత్ అహ్లూవాలియాకి యావజ్జీవ శిక్ష పడితే, ఈ సంఘం ఉద్యమం చేసింది, 1992లో ఆమె విడుదలైంది, బ్రిటన్ కోర్టులు గృహహింసని చూసే పద్ధతే మారింది. సౌతాల్ ఈ దేశానికి ఇచ్చిన వాటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది దీన్నే. మన ఇళ్ళల్లో కూడా డిపెండెంట్ వీసా మీద వచ్చి నోరు మెదపలేని ఆడపిల్లలున్నారు. వాళ్ళు ఈ హాల్లో ఉంటే వినాలి: ఆ సంఘం ఇప్పటికీ ఉంది, పంజాబీవాళ్ళకి మాత్రమే కాదు.

అలాగే 2005 ఆగస్టులో హీత్రో దగ్గర గేట్ గోర్మే అనే కంపెనీ, విమానాల్లో భోజనం సర్దేది, ఒక్కసారిగా ఆరు వందల మందికి పైగా ఉద్యోగులని పీకేసింది. ఎక్కువమంది సౌతాల్ చుట్టుపక్కల ఉండే నడివయసు పంజాబీ ఆడవాళ్ళు. వాళ్ళకి మద్దతుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్ సామాను మోసే సిబ్బంది పని ఆపేస్తే లక్ష మందికి పైగా ప్రయాణికులు ఇరుక్కుపోయారు. సల్వార్ కమీజ్ మీద కోటు వేసుకుని రోడ్డు పక్కన ప్లకార్డు పట్టుకున్న పిన్నిగార్ల ఫొటోలు అప్పట్లో అన్ని పేపర్లలోనూ వచ్చాయి.

సరే, ఇప్పటి సౌతాల్‌కి వద్దాం. పొద్దున్నే ఏడింటికి వెళ్ళి చూడండి, శనివారం మధ్యాహ్నం కాదు. హీత్రో నుంచి రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు బస్సుల్లోంచి దిగుతుంటారు, మెడలో ఇంకా ఐడీ కార్డు ఉంటుంది. కొట్లవాళ్ళు మెంతికూర కట్టలు, బెండకాయల పెట్టెలు ఫుట్‌పాత్ మీద పేరుస్తుంటారు. తెల్లగడ్డం తాతలు గురుద్వారా నుంచి తిరిగొస్తూ గోడవారగా ఆగి మాట్లాడుకుంటారు. ఆ గంటలో ఊరి అసలు ముఖం కనిపిస్తుంది.

అది ఒక్క పంజాబీ ఊరు అనుకోవద్దు. 1990లలో కాబూల్ నుంచి పారిపోయి వచ్చిన అఫ్ఘన్ సిక్కులూ హిందువులూ ఉన్నారు, కాబూల్ ఆసామాయి పేరుతో వాళ్ళ గుడి సౌతాల్‌లో ఉంది. సోమాలీలు ఉన్నారు, వాళ్ళ కాఫీ కొట్లలో సాయంత్రాలు చర్చలు జోరుగా సాగుతాయి. శ్రీలంక తమిళులు ఉన్నారు, కాస్త తూర్పుగా వెస్ట్ ఈలింగ్ పోతే వాళ్ళు పెట్టుకున్న కనక దుర్గమ్మ గుడి ఉంది, మన వాళ్ళూ చాలామంది వెళ్తారు. పోర్చుగల్ పాస్‌పోర్టుతో వచ్చిన గోవా క్రైస్తవులు ఉన్నారు, నేపాలీలు ఉన్నారు. ఒక వలస మెట్టు ఎక్కి హౌన్స్‌లో, హేయ్స్ వైపు పెద్ద ఇళ్ళకి మారిపోతే, ఖాళీ అయిన గదుల్లోకి ఇంకో వలస దిగుతుంది. కొట్టు ఓనరు పంజాబీ, కౌంటర్‌లో అఫ్ఘన్ కుర్రాడు, వెనకాల సామాను సర్దేది మన గుంటూరు నుంచి మాస్టర్స్‌కి వచ్చిన పిల్లాడు. ముగ్గురూ మాట్లాడుకునేది హిందీలో.

సౌత్ రోడ్డులో హిమాలయ ప్యాలెస్ చూడండి. 1929లో జార్జ్ కోల్స్ అనే ఆర్కిటెక్ట్ చైనా గుడిలా కట్టిన సినిమా హాలు, పైన డ్రాగన్లతో సహా. ఇంగ్లీషు సినిమాలు ఆడింది, హిందీ సినిమాలు ఆడింది, ఇప్పుడు లోపల బజారు. హేవ్‌లాక్ రోడ్డులో బంగారు గుమ్మటంతో ఉన్న గురుద్వారా శ్రీ గురు సింగ్ సభ 2003లో తెరిచారు, 17 మిలియన్ పౌండ్ల పైన ఖర్చయింది, ఎక్కువ భాగం ఊరి జనం చందాలే. ఆ హేవ్‌లాక్ ఎవరో తెలుసా? 1857 తిరుగుబాటుని అణిచినవాళ్ళలో ఒక ఇంగ్లీషు జనరల్. గురుద్వారా ముందున్న ఆ రోడ్డు భాగానికి ఈమధ్యే కౌన్సిల్ గురునానక్ రోడ్ అని పేరు మార్చింది. గురుద్వారాలోని లంగర్ అనే ఉచిత భోజనశాలలో రోజూ ఎవరు వచ్చినా భోజనం పెడతారు. తల మీద గుడ్డ కప్పుకుని, చెప్పులు వదిలి వెళ్ళాలి, అంతే. మీ మతం అడగరు, వీసా అడగరు. కొత్తగా వచ్చి పార్ట్‌టైమ్ పని దొరకని మన స్టూడెంట్లు చాలామంది అక్కడ తినే నెలలు గడిపారు. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు.

బాధలు కూడా ఉన్నాయి. పాత గ్యాస్ వర్క్స్ స్థలంలో వేల ఫ్లాట్లు కడుతున్నారు. కట్టేముందు అక్కడి మట్టిని శుభ్రం చేస్తుంటే సంవత్సరాల తరబడి పెట్రోలు లాంటి వాసన ఇళ్ళల్లోకి వచ్చిందని, దగ్గులు, తలనొప్పులు అని జనం పోరాడారు. 2022లో ఎలిజబెత్ లైన్ వచ్చి సెంట్రల్ లండన్‌కి ప్రయాణం తేలికైంది, దాంతోపాటు అద్దెలు పెరిగాయి. ఇళ్ళ వెనక పెరట్లో షెడ్లు వేసి, హీటింగ్ సరిగ్గా లేని చోట మనుషుల్ని అద్దెకు పెట్టినవాళ్ళని కౌన్సిల్ పట్టుకుంది. ఒకప్పుడు మంచాలు పంచుకుని బతికినవాళ్ళ పిల్లలే ఈ షెడ్ల ఓనర్లు అయితే అది నాకు మింగుడుపడదు. ఒక గదిలో ఆరుగురు స్టూడెంట్లని కుక్కే మన తెలుగు ఓనర్ల గురించి కూడా ఇదే మాటంటాను, ఎవరైనా ఇక్కడ ఉంటే ఉన్నారు.

వెనక నుంచి ఒకరు అడుగుతున్నారు, మనం చదువుకుని వీసా మీద, ఐటీ ఉద్యోగాలకి వచ్చినవాళ్ళం కదా, మనకీ దీనికీ ఏంటి సంబంధం అని. మంచి ప్రశ్న. మీరు ఇల్లు అద్దెకి అడిగితే ఏజెంటు "మీ రంగువాళ్ళకి ఇవ్వం" అనలేడు. లోపల ఏమనుకున్నా అనలేడు. ఎందుకంటే అది చట్టవిరుద్ధం. 1965లో మొదటి రేస్ రిలేషన్స్ చట్టం వచ్చినప్పుడు అది హోటళ్ళు, బస్సులు లాంటి బహిరంగ స్థలాలకే వర్తించింది. ఇల్లూ ఉద్యోగం చట్టం కిందికి వచ్చింది 1968లో. ఇంకాస్త కోరలున్న చట్టం 1976లో. ఇవి ఎవరో మంచివాళ్ళు మనసు కరిగి ఇచ్చినవి కావు, సౌతాల్, బ్రిస్టల్, నాటింగ్‌హిల్ లాంటి చోట్ల జనం ఏళ్ళ తరబడి ఒత్తిడి తెస్తే వచ్చినవి. వుల్ఫ్ ఫ్యాక్టరీ మనిషికి ఇంగ్లీషు రాదు, మీకు వచ్చు, ఆయనకి మసి, మీకు లాప్‌టాప్. కానీ మీ అగ్రిమెంటు మీద మీ పేరు పడడానికి ఆయన నిలబడ్డ ఆ వారాలకి సంబంధం ఉంది.

ఇంకొకరు, పిల్లల్ని తీసుకెళ్తే ఏం చూపించాలి అంటున్నారు. చెప్తాను, రాసుకోండి. స్టేషన్ దగ్గర మొదలుపెట్టండి, బోర్డు మీద గుర్ముఖి లిపిలో ఊరి పేరు ఉంటుంది. ఉత్తరంగా సౌత్ రోడ్డు మీద హిమాలయ ప్యాలెస్ చూసి బ్రాడ్‌వే వైపు, అక్కణ్ణుంచి టౌన్ హాలుకి. 2019లో, 1979 ఘటనలకి 40 ఏళ్ళయిన సందర్భంగా చగ్గర్, పీచ్, మిస్టీ ఇన్ రూట్స్ పేర్లతో అక్కడ ఫలకాలు పెట్టారు. మళ్ళీ రైలు వంతెన దాటి దక్షిణంగా ద గ్రీన్‌కి రండి, మేనర్ హౌస్, పాత సినిమా హాలు స్థలంలో కట్టిన డొమినియన్ సెంటర్ రెండూ ఆ దారిలోనే. అక్కణ్ణుంచి గురుద్వారా, భోజనం అక్కడే కానివ్వండి. ఓపికుంటే కాలువ గట్టున త్రీ బ్రిడ్జెస్ దాకా నడవండి. స్ట్రోలర్ ఉన్నవాళ్ళకి గట్టు మీద కాస్త ఇబ్బంది, చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు బస్సులో వెళ్ళడం నయం. మే నెలలో ఒక ఆదివారం అందరం కలిసి వెళ్దామని మన సంఘం వాళ్ళతో ఇప్పుడే అనుకున్నాం, వచ్చేవాళ్ళు బయట టేబుల్ దగ్గర పేరివ్వండి.